దూరము కూడ ఒక ప్రశ్నపత్రమేనా?

న్యాయపీఠముపై కూర్చుండగోరువాని బుద్ధిని పరీక్షింపవలసినదే. వాని శీలమును, భాషాజ్ఞానమును, చట్టపరిచయమును పరీక్షింపవలసినదే. ఇందు మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని వాని తండ్రి రొంటినున్న రొక్కమును పరీక్షించుటకు ప్రభుత్వమున కేమి యధికారమున్నదని మా ప్రశ్న. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండి డిప్యూటీ కలెక్టరు పదవిని కోరి బయలుదేరు యువజనులు వ్రాయవలసిన పత్రములలో ప్రకటనయందు పేర్కొనబడనిది ఒకటి కలదు. దాని పేరు దూరము. దానికి మార్కులు లేవు. కాని అందు తప్పినవారికి తక్కిన పత్రములు వ్రాయు అవకాశమే కలుగదు.

డిప్యూటీ కలెక్టరనగా శిస్తు లెక్కలు చూచి, మంత్రుల పర్యటనలకు పందిళ్లు వేయించు ఉద్యోగి యని తలచువారు మన పట్టణములలో నింకను కలరు. ఆదోని రెవిన్యూ డివిజను కచేరి వరండాలో ఒక్క పూట నిలిచి చూచినచో ఆ భ్రమ తొలగును. పట్టాదారు పాసుపుస్తకములో తన పేరు మారిపోయినదని రైతు మొరపెట్టుకొనినప్పుడు, తహసీల్దారు ఇచ్చిన ఉత్తరువుపై 1971 నాటి భూమి హక్కుల రికార్డు చట్టము ననుసరించి అప్పీలు వినునది రెవిన్యూ డివిజనల్ అధికారియే. కన్నబిడ్డలు కూడు పెట్టక త్రోసివేసినప్పుడు ముసలితల్లి 2007 నాటి చట్టము క్రింద పోషణము కోరవలసిన ట్రిబ్యునలునకు అధ్యక్షత వహించునదియు ఆ హోదా అధికారియే. పొలముగట్టు కొరకు రెండు వర్గములు కఱ్ఱలెత్తినప్పుడు, శాంతిభంగము కాకుండ స్వాధీనమెవరిదో విచారించునది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటే. పాలనాధికారమును న్యాయాధికారమును వేరుచేయవలెనని 1886లోనే కలకత్తా కాంగ్రెసు కోరినది. ఆ కోరిక మన రాజ్యాంగము 50వ అధికరణములో ఆదేశసూత్రముగా నిలిచినది. 1974 ఏప్రిల్ 1 నుండి అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడు దానిని చాలవరకు నెరవేర్చినది. ఐనను 2024 జులై 1న దాని స్థానమున వచ్చిన నాగరిక్ సురక్షా సంహితయందును ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు నిలిచియేయున్నాడు. కావున వీరిని పాలనా న్యాయాధికారులనుట అతిశయోక్తి కాదు. పేదవాడు తన జీవితములో చూచు మొదటి న్యాయాధిపతి, తఱచుగా కడపటి న్యాయాధిపతియు, వీరే.

ఇట్టి పీఠముపై ఏ దేశపు బిడ్డలు కూర్చుందురను ప్రశ్న ఆ యా బిడ్డల ఉద్యోగలాభమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఆదోనిని రెండవ బొంబాయి యని పొగడుట మనకు వాడుక. పత్తి అంగళ్ల సందడిని చూచి వర్తకులు ఆ మాట పుట్టించిరి. ఎమ్మిగనూరు మగ్గముల కీర్తియు తక్కువది కాదు. కాని ఈ రెండు పట్టణముల చుట్టునున్న కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, నందవరము, గోనెగండ్ల పల్లెల మాట వేరు. వాన తప్పిన యేట ఇండ్లకు తాళములు వేసి, ముసలివారిని కాపుంచి, పిల్లలతోకూడ గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును పత్తి తీయుటకును తరలిపోవు కుటుంబములు ఇచట పెక్కు. దానిని వీరు సుగ్గి యందురు. ఆ నెలలలో బడిలో బల్లలు ఖాళీగా నుండును. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు నూటికి 60 మంది కూడ నిండలేదనగా అందు వింత లేదు. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒకే సంతలో వినిపించు సీమ ఇది. ఇచటి సాక్షి ఒక మాట కన్నడములో ఎత్తుకొని తెలుగులో ముగించును. సుగ్గికి పోయి వచ్చునప్పటికి తన పొలము ఇతరుల పేర నెక్కినదని వాపోవువాని మాటలోని నిజమును, అట్టి ఇంట పుట్టి పెరిగినవాడు గ్రహించినంత శీఘ్రముగా పుస్తకముల వలన నేర్చినవాడు గ్రహింపజాలడు. ఆదోనివానిని ఆదోనిలోనే అధికారిగా నియమింపుమని మేము కోరుట లేదు. అది న్యాయమును కాదు. రాష్ట్రములో న్యాయము చెప్పు పీఠములపై, ఎచ్చటనైనను సరే, కరవు నెఱిగినవారును కొందఱుండవలెనని మాత్రమే మా మనవి.

ఈ పదవికి కొందఱు క్రింది ఉద్యోగముల నుండి పదోన్నతిపై వత్తురు. నేరుగా పోవు ద్వారము రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషను జరుపు గ్రూపు-1 పరీక్ష. మొదట వడపోత పరీక్ష, తరువాత ప్రధాన పరీక్ష, కడపట మౌఖిక పరీక్ష. 2023 డిసెంబరు నాటి ప్రకటన ననుసరించి జరిగిన ప్రధాన పరీక్షలను 2025 మే 3 నుండి 9 వఱకు విశాఖపట్టణము, విజయవాడ, తిరుపతి, అనంతపురము నాలుగుచోట్ల నడిపిరి. కర్నూలున కేంద్రము లేదు. తెలుగు, ఇంగ్లీషు భాషాపత్రములు రెండు, 150 మార్కుల పత్రములు ఐదు, వెరసి ఏడు దినములలో ఏడు పత్రములు. ఆదోనివానికి గుంతకల్లు మీదుగా అనంతపురమునకు రైలుదారి కలదు, నిజమే. కాని ఉదయము పోయి సాయంకాలము తిరిగివచ్చి మరునాడు మరల వ్రాయుటకు ఇది సంతబేరము కాదు గదా. ఏడు రాత్రులు బస కావలెను. మే నెల యెండలో ఏడు దినములు భోజనము కావలెను. ఎమ్మిగనూరునకు రైలే లేదు. బస్సుపై ఆదోనికి గాని కర్నూలునకు గాని చేరి, అచటినుండి దారి వెదకుకొనవలెను. నందవరము, గోనెగండ్ల పల్లెలవారు ఆ బస్సునకే మరియొక బస్సు ఎక్కి రావలెను.

ఈ లెక్కలో చార్జీ ఒక భాగము మాత్రమే. మగ్గము నమ్ముకొనిన ఇంటిలో ఒక చేయి ఏడు దినములు లేకున్న ఆ వారము నేత తగ్గును. దినకూలి చేయుచు చదువుకొను యువకునకు ఆ దినముల కూలి పోవును. ఆడపిల్ల యైనచో తోడుగా తండ్రియో అన్నయో బయలుదేరవలెను, కావున ఖర్చు రెట్టింపు. తోడు పోవువారు లేని ఇంటిలో పరీక్ష సంగతియే యెత్తరు. 2025 ఆగస్టు 15న ఈ రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యము కలిగింపబడినది. బస్సు చార్జీ యనునది స్త్రీల పురోగతికి అడ్డుగోడ యని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లు కదా! సంతోషము. ఐతే రాత్రియంతయు నడచి తెల్లవారుసరికి విజయవాడ చేర్చు సూపర్ లగ్జరీ బస్సులకు ఆ సౌకర్యము వర్తింపదు. సంతకు పోవు దారిలో అడ్డు తొలగినది. న్యాయపీఠమునకు పోవు దారిలో అది నిలిచియున్నది.

వ్రాతపరీక్షలలో గెలిచినవాని కింకొక ప్రయాణము మిగిలియుండును. మౌఖిక పరీక్ష విజయవాడలో కమిషను కచేరియందే జరుగును. ఆదోని నుండి నాలుగువందల కిలోమీటర్లు దాటిన దూరమది. కర్నూలు మీదుగా బస్సుపై పోవలెను, లేదా గుంతకల్లు చేరి నంద్యాల, గిద్దలూరు, గుంటూరు దారిన రైలుపై పోవలెను. తల్లిదండ్రులు సుగ్గికి లారీలపై పోయిన గుంటూరు సీమకే బిడ్డ కోటు మడచి సంచిలో పెట్టుకొని పోవుచున్నాడు. మొత్తము 825 మార్కులలో మౌఖిక పరీక్షకు 75. చూచుట కివి కొలదియే. కాని 2025లో ఒక్కొక్క పదవికి సుమారు ఇద్దరు చొప్పున పిలువబడిరి. తుది జాబితాలో ఒకటి రెండు మార్కులే డిప్యూటీ కలెక్టరును చిన్న పదవినుండి వేరుచేయునప్పుడు 75 మార్కులు కొండవంటివి. గంట ప్రయాణములో చేరగల ఇంటినుండి స్నానభోజనములు ముగించుకొని వచ్చినవాడును, రాత్రియంతయు బస్సు కుదుపులలో కన్ను మూయక వచ్చి బస్సు స్టాండులో ముఖము కడుగుకొన్నవాడును ఒకే బల్లయెదుట కూర్చుందురు. పరీక్షకులు నిష్పక్షపాతులే కావచ్చును. నిద్రలేమి మాత్రము నిష్పక్షపాతముగా పంచబడలేదు. 2021లో ప్రభుత్వము ఈ మౌఖిక పరీక్షలను రద్దుచేసి, తరువాత గ్రూపు-1నకు మరల నెలకొల్పినది. ఉండవలెనా వలదా యను వాదములోనికి మేమిప్పుడు దిగము. ఉన్నంతకాలము ఆ పరీక్ష అందఱకును సమానమైన మెట్టుమీద జరుగవలెను.

సివిల్ న్యాయస్థానముల మెట్లెక్కగోరువారి స్థితియు నిట్టిదే. హైకోర్టు 2019 నుండి అమరావతిలో పనిచేయుచున్నది. జూనియర్ సివిల్ జడ్జి పదవికి మూడేండ్ల న్యాయవాదవృత్తి అవశ్యకమని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పినది. అనుభవము మంచిదే. కాని మఫసలు కోర్టులో సీనియరు వెంట కాగితములు మోయు యువ న్యాయవాదికి ఆ మూడేండ్లలో చేతికి వచ్చునదెంతయో బార్ అసోసియేషనువారి కందఱకును తెలిసినదే. ఆ సంపాదనలోనే దూరప్రయాణములకును మిగుల్చుకొనవలెను.

ఆదోని తనంతట తాను దూరమైన ఊరు కాదు. 1953 వఱకు అది బళ్లారి జిల్లాలో నుండెను. బొంబాయి-మద్రాసు రైలుదారిపై నుండుటచేత నాటి రాజధాని మద్రాసునకు నేరుగా రైలుండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము పుట్టినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు చేరినవి. నాటి రాజధాని కర్నూలు, కూతవేటు దూరమనదగినది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు పోయినది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండుగా విడిపోయిన పిమ్మట కృష్ణాతీరమునకు చేరినది. ఒక జీవితకాలములో రాజధాని నాలుగు చోట్ల నుండెను. ఆదోని తన కోటక్రిందనే యున్నది. అధికారపీఠములన్నియు ఒక్కచోటనే పోగైన యెడల ఈ సీమ వెనుకబడునను శంకతోనే 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని యొకచోటను హైకోర్టు వేఱొకచోటను ఉండవలెనని పెద్దలు వ్రాసికొనిరి. ఆ శంక ఊహ కాదని నేటి అభ్యర్థి చేతిలోని టిక్కెట్టు చాటుచున్నది.

పరీక్ష ప్రజల యొద్దకు రావలెనను కోరిక ఈ దేశములో క్రొత్తది కాదు. జాతీయోద్యమపు తొలినాటి కోరికలలో నది యొకటి. ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షలు 1855 నుండి లండనులోనే జరుగుచుండెను. సముద్రము దాటగల కుటుంబముల బిడ్డలే ఆ మెట్టు చూడగలిగిరి. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు మొట్టమొదట గెలిచినప్పుడు దేశము గర్వించినది. కాని వెనుక నిలిచిపోయిన వేలమంది ప్రతిభావంతుల నెవరు లెక్కించిరి? ఆంగ్లేయులు వయఃపరిమితిని 19 ఏండ్లకు కుదించినప్పుడు సురేంద్రనాథ బెనర్జీ 1877లో దేశమంతట తిరిగి జనమును మేల్కొలిపెను. 1885లో బొంబాయి కాంగ్రెసు ఇంగ్లండునందును ఇండియాయందును ఏకకాలమున పరీక్షలు జరుపుమని కోరినది. 1893లో దాదాభాయి నౌరోజీ సభ్యుడుగా నున్న బ్రిటిషు కామన్సు సభయే అందుకు తీర్మానించినను అధికారులు దానిని ప్రక్కకు పెట్టిరి. ప్రమాణము పడిపోవునని, శీలపరీక్ష సాగదని ఎన్ని సాకులు! కడకు 1922 ఫిబ్రవరిలో అలహాబాదున ఆ పరీక్ష తొలిసారి జరిగినది. ప్రమాణము పడిపోలేదు; గుమ్మము వెడల్పైనది. సముద్రము దాటుమనుట అన్యాయమని పోరాడి గెలిచిన దేశములో, నల్లమల దాటుమనుట మాత్రము న్యాయమగునా?

మన సీమలోనే యింకొక ఉదాహరణము కలదు. 1800లో నిజాము దత్తమండలములను కుంపినీ కప్పగింపగా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకు ఇచటనుండెను. అతని కచేరి గుడారములలో నూరూర తిరుగుచుండెను. మంత్రాలయపు మఠమునకు చెందిన భూమిని వశపఱచుకొను ప్రశ్న వచ్చినప్పుడు అతడు తానే అచటికి పోయి విచారించెననియు, బృందావనము యెదుట శ్రీ రాఘవేంద్రస్వాములవారి మాట విని మఠము హక్కును నిలిపెననియు ప్రతీతి. భక్తులకు అందలి మహిమ ముఖ్యము. మాకు ఇంకొక విషయమును ముఖ్యముగా తోచుచున్నది: విచారణాధికారి కాగితము తెప్పించుకొని తీర్పు చెప్పలేదు, స్థలమునకు నడచిపోయెను. పరపాలనను మేము పొగడము. అది శిస్తుకొరకు తిరిగిన గుడారమే. శిస్తు కొరకు పరప్రభుత్వము పల్లెకు రాగలిగినప్పుడు, న్యాయాధికారులను ఎన్నుకొనుటకు స్వప్రభుత్వము జిల్లా ముఖ్యపట్టణము వఱకైన రాలేదా?

దీనికి చెప్పబడు ఆక్షేపణలు మేమెఱుగుదుము. కేంద్రములు పెరిగినకొలది రహస్యము సడలునందురు. అది త్రోసివేయదగిన మాట కాదు. ప్రశ్నపత్రము బయటపడిన పరీక్ష దూరపు పరీక్షకంటెను చెడ్డది. కాని నాలుగు పట్టణములలో కాపాడగలిగిన రహస్యమును అయిదవ పట్టణమున, అందును జిల్లా ముఖ్యపట్టణమున, కాపాడలేమనుట పాలకుల శక్తిని వారే శంకించుకొనుట. మౌఖిక పరీక్షకు ఒకే మండలి, ఒకే కొలత ఉండవలెనందురు. ఒప్పుకొందము. ఆ మండలియే కొన్ని దినములు కర్నూలులో కూర్చుండిన కొలత యెట్లు మారును? కర్నూలున హైకోర్టు ధర్మాసనము కావలెనని 2024 నవంబరు 21న రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. న్యాయమూర్తులే కదలి రావచ్చునని తలచిన సభ, పరీక్షకులు రాకూడదని యెట్లు చెప్పగలదు? ఖర్చగునని కడపటి ఆక్షేపణ. ఆ ఖర్చు నేడును అగుచునేయున్నది. దానిని కమిషను బదులు నేతగాడు భరించుచున్నాడు, అంతియే భేదము.

కావున మా కోరికలు ఇవి. వడపోత పరీక్షకు ఆదోనిని, ప్రధాన పరీక్షకు కర్నూలును స్థిరమైన కేంద్రములుగా నేర్పఱుపవలెను. మౌఖిక పరీక్షకు పిలువబడినవారికి రానుపోను చార్జీలను కమిషనే చెల్లింపవలెను. ఇది వింతకోరిక కాదు. ఢిల్లీలో యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషను మౌఖిక పరీక్షకు దూరమునుండి వచ్చువారికి రెండవ తరగతి రైలుచార్జీ నిచ్చు పద్ధతి కలదు. ఉద్యోగ పరీక్షలకు పోవు నిరుద్యోగులకు రైల్వేవారు పూర్వమిచ్చుచుండిన రాయితీ 2020 మార్చిలో మహమ్మారి కాలమున నిలిపివేయబడినది. దానిని కోరి సాధించుట మన పార్లమెంటు సభ్యుల విధి. దూరపు అభ్యర్థులకు మౌఖిక పరీక్షను ఉదయపు తొలి వరుసలో పెట్టరాదు. విజయవాడలో ముందటి రాత్రి తలదాచుకొనుటకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, ప్రభుత్వ వసతిగృహములలో చోటు కేటాయింపవలెను. వీనిలో ఏ ఒక్కదానికిని క్రొత్త శాసనము అక్కరలేదు. చేయవలెనను బుద్ధి యొక్కటి చాలును.

ప్రభుత్వము మేల్కొనువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించినప్పుడు, సర్కారు దయకై యెదురుచూచుచు కూర్చుండలేదు. ఒంటరి మగ్గము చేయలేని పనిని కూడిన మగ్గములు చేయగలవని చూపిరి. ఆ పాఠమే ఇచటను పనికివచ్చును. ఆదోని పత్తి వర్తకులు, మిల్లుల యజమానులు, రెండు పట్టణముల న్యాయవాదులు, ఉపాధ్యాయులు కలిసి పరీక్షా ప్రయాణనిధి యొకటి ఏర్పఱుపరాదా? పిలుపు కాగితము చూపిన బిడ్డకు టిక్కెట్టు, బస, తిండి అందించుట పెద్ద భారము కాదు. పఠనాలయములు తమ బల్లపై పరీక్షా ప్రకటనలను పెట్టి, దరఖాస్తు నింపుటలో తోడ్పడవచ్చును. ఈ సీమనుండి పోయి విజయవాడలో, గుంటూరులో స్థిరపడినవారు ఒక్క రాత్రి ఒక్క బిడ్డకు చాప పఱచిన చాలును. ఇది ధర్మకార్యము మాత్రమే కాదు. రేపు మన పొలపు తగవు, మన తల్లి పోషణ తగవు వినబోవు చెవిని మనమే సిద్ధము చేసికొనుట.

పరీక్ష వ్రాసి ఓడిన బిడ్డకు మరల వ్రాయుమని ధైర్యము చెప్పగలము. పిలుపు కాగితము చేతబట్టుకొని, ప్రయాణపు ఖర్చు పుట్టక ఇంటి అరుగుమీదనే నిలిచిపోయిన బిడ్డకు ఏమని చెప్పుదుము? ఆమాట కమిషనువారును, శాసనసభలో మన ప్రతినిధులును ఆలోచించి జవాబు చెప్పవలెను.